గోరువెచ్చని నీళ్ళు

నవంబర్ 14

కోడలు ఈరోజు పనికి వెళ్ళింది. నా కొడుకు పోయాక ఇదే మొదటిసారి. బేకరీ వాళ్ళు ఇంక ఆగలేమన్నారట. గుమ్మంలో బూట్ల తాడు కట్టుకుంటూ, నా ముఖం చూడకుండానే అంది.

"అత్తయ్యా, బాల్కనీలో కుండీల్ని మాత్రం కదపకండి. వాటికి చలే కావాలి. నీళ్ళు కూడా నేనే చూసుకుంటాను."

"నాకు తెలుసులేమ్మా" అన్నాను.

నాకేం తెలుసు. నాకెవరు చెప్పారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ బాల్కనీలో గొంతుక్కూచుని మోచేతుల దాకా మట్టి పూసుకుంటుంటే నేను లోపల చొక్కాలకు కాజాలు కుట్టుకుంటున్నాను. టీ ఇద్దామని వెళ్ళి దుంపలు చూసి, "ఇవేంట్రా, ఎండిపోయిన చిన్నుల్లిపాయల్లా ఉన్నాయి, కూరకి పనికొస్తాయా" అన్నాను. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. "క్రోకస్ అమ్మా, పువ్వులు. చలికాలం ఇంకా పోకముందే నేల చీల్చుకుని వస్తాయి. నీ కోడలికి చూపిస్తానని మాటిచ్చాను" అన్నాడు.

నీ కోడలికి అన్నాడు. నీకు అనలేదు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ మాటే తిరుగుతోంది.

నాలుగు కుండీలు. మూలన పాత తెల్లరంగు పెయింటు డబ్బా ఒకటి, మిగిలిన మట్టి పోసి పెట్టుకున్నాడు.

నవంబర్ 16

పొద్దున్నే బాల్కనీ ఊచల మీద తెల్లగా మంచు పేరుకుంది. కుండీ అంచు మీద చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను.

ఆ చల్లదనం నాకు తెలుసు.

నవంబర్ 17

నాలుగు కుండీలూ లోపలికి తెచ్చాను. కోడలు వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆ తర్వాతే తెచ్చాను. హీటర్ పక్కన వరసగా పెట్టి, కాసిని నీళ్ళు గోరువెచ్చగా కాచి, చంటిపిల్లకు స్నానం పోసేటప్పుడు చూసినట్టు మోచేత్తో చూసి మరీ పోశాను. మట్టి గుటకలు వేసినట్టు తాగింది. ఎన్నాళ్ళ దాహమో.

రంగు డబ్బాను తేలేదు. ఉత్త మట్టికి చలేంటి.

సాయంత్రం కోడలు వచ్చేలోపు ఎక్కడివక్కడ పెట్టేశాను. తడి గుర్తులు కూడా తుడిచాను. ఇందులో దొంగతనమేముంది. నా కొడుకు కుండీలే కదా.

నవంబర్ 18

ఈరోజూ.

నవంబర్ 19

ఈరోజూ. కోడలు ఏమీ అడగలేదు.

నవంబర్ 25

టైలరమ్మ కింది ఇంట్లో ఉంటుంది. చొక్కాలు కుట్టేది ఆమె, కాజాలూ బొత్తాలూ నావి. ఇవాళ చొక్కాలు తీసుకెళ్ళి ఇస్తే ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఇది కాజానా? ఆవలిస్తున్నట్టుంది. ఇందులో బొత్తం కాదు, బంతి పడుతుంది."

"విప్పి మళ్ళీ కుడతాలే వదినా."

"నువ్వు విప్పకు. నేనే చూసుకుంటాను. తిన్నావా అసలు? కోడలు తిందా? ఇద్దరూ ఎదురెదురుగా కూచుని గోడలు చూసుకుంటున్నారా ఏం?"

నవ్వు రాబోయింది. ఆపుకున్నాను. నవ్వితే ఎవరైనా చూస్తారని.

పైకి వచ్చాక కుండీలకు నీళ్ళు పోశాను.

డిసెంబర్ 3

వాడి బూడిదరంగు స్వెట్టర్ కోడలి దిండు కింద ఉంటుంది. పడుకునేటప్పుడు ముఖానికి ఆనించుకుంటుంది. నేను చూశానని తనకు తెలియదు.

పగలు తనకు దానితో పనేముంది. కుండీల చుట్టూ చుడదామని తీశాను. లోపలున్నప్పుడు హీటర్ ఉంటుంది కానీ, మళ్ళీ బయట పెట్టేముందు ఒంటికి కాస్త వెచ్చదనం పట్టి ఉండాలి కదా. తను వచ్చేలోపు మడత పెట్టి దిండు కింద ఉంచేశాను, దాని చేతులు లోపలికి మడిచి, ఎలా ఉన్నది అలాగే.

ఆ రోజు పొద్దున్న కూడా చెప్పాను వాడికి, సాక్సులు వేసుకోరా బుడ్డోడా అని. ఆరడుగుల మనిషిని అలా పిలిస్తే బండి స్టార్ట్ చేస్తూ నవ్వాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. "లిఫ్టులో జనం ఇరుక్కుంటే సాక్సులు వెతుక్కుంటూ కూచోనా అమ్మా, వచ్చాక వేసుకుంటా" అన్నాడు. వంతెన మీద మంచు గడ్డకట్టి ఉందట. బండి జారిందట. అన్నీ 'అట'లే. నేను చూసింది ఒక్కటే. ఆ గదిలో

వద్దు.

డిసెంబర్ 11

స్వెట్టర్‌కు మట్టి అంటింది. ఛాతీ మీద, అరచేతి వెడల్పున. తడి చేత్తో తుడిస్తే ఇంకా పరుచుకుంది. ఇలా చూస్తే అడుగుతుంది. అడిగితే ఏం చెప్పను. సబ్బు పెట్టి ఉతికేశాను. హీటర్ మీద ఆరబెట్టి మడత పెట్టాను. మట్టి పోయింది.

కోడలు గదిలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చాక స్వెట్టర్ చేతిలో ఉంది.

"ఇది ఉతికారా అత్తయ్యా?"

"మురికిగా ఉంటేనూ."

తల ఊపింది. తిడితే బావుండేది. వెళ్ళి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది, టీ పొడి వెయ్యలేదు, ఉత్త నీళ్ళే రెండు కప్పుల్లో పోసి తెచ్చింది. ఇద్దరం తాగాం.

డిసెంబర్ 12

మురికిగా ఉంటే ఉతుకుతాం. ఎవరైనా ఉతుకుతారు.

డిసెంబర్ 22

వచ్చాయి! నాలుగు కుండీల్లోనూ మొలకలు! సన్నగా, పొడుగ్గా, దారప్పోగుల్లా. కాస్త తెల్లగా పాలిపోయి ఉన్నాయి కానీ పసిబిడ్డలు అలాగే ఉంటారు.

కోడలు బాల్కనీలోంచి కేక పెట్టింది. "అత్తయ్యా! ఇటు రండి! ఇంత తొందరగానా? ఇంకా చాలా రోజులు పడుతుందన్నారే ఆయన!"

నేను అప్పుడే చూసినట్టు ముఖం పెట్టాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన చేతులకు పిండి వాసన. వాడు పోయాక తను నన్ను ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

"పువ్వులు వచ్చేదాకా ఎలాగోలా ఉంటే చాలనుకున్నానత్తయ్యా. ఆ తర్వాత సంగతి తర్వాత" అంది.

లోలోపల గర్వపడ్డాను. చలి కావాలట చలి. వెచ్చదనం వద్దనేది ఎవరు, కన్నవాళ్ళకు తెలియదా.

డిసెంబర్ 27

కోడలు పూలకొట్టు నుంచి ఎరువు తెచ్చింది, చిన్న పొట్లం. కుండీకి ఒక చెంచా వేసింది. ఘాటు వాసన.

జనవరి 5

ఆకులు పచ్చదనం పోయి పసుపెక్కాయి. పడుకుంటున్నాయి. నీళ్ళు సరిపోవడం లేదేమో. ఇంకో చెంబు పోశాను.

జనవరి 8

మట్టిలోంచి వాసన వస్తోంది. కాలువ వాసన.

ఎరువు వల్లే అయి ఉంటుంది. ఆ రోజే ఘాటుగా అనిపించింది నాకు.

జనవరి 12

ఆదివారం. కోడలు చెంచా పెట్టి ఒక కుండీ తవ్వింది. దుంప చేతికి రాలేదు. నలిగి గుజ్జయింది, గోధుమరంగు నీరు కారింది. రెండోది తవ్వింది. మూడోది, నాలుగోది. అలాగే. బాల్కనీ నేల మీద కూలబడిపోయింది, ఆ చల్లని బండ మీద.

"ఎరువు ఎక్కువైందంటారా అత్తయ్యా?"

నన్నే అడిగింది. తల ఎత్తి, కళ్ళలోకి చూసి అడిగింది. అప్పుడే చెప్పి ఉండొచ్చు. నోట్లోనే ఉంది.

"ఏమోనమ్మా. నువ్వు అది వేసిన దగ్గర్నించే కదా పసుపెక్కాయి" అన్నాను.

"ఆయన నాకు చెప్పింది ఈ ఒక్క పనే" అంది. "ఇదీ చెయ్యలేకపోయాను."

మట్టి చేతులతోనే ముఖం కప్పుకుంది.

నేను లోపలికి వెళ్ళి కాజాలు కుట్టాను.

జనవరి 13

నేను అబద్ధం చెప్పలేదు. ఎరువు వేశాకే పసుపెక్కాయి. అదే అన్నాను.

జనవరి 14

అదే అన్నాను.

జనవరి 30

కోడలి అన్నయ్య ఫోన్ చేశాడు. వ్యాను నడుపుతాడు, ఊరికి అటు చివర ఇల్లు. ఒక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమన్నాడట. ఇదివరకు కూడా అడిగాడు, అప్పుడు తను "పువ్వులు రానీ అన్నయ్యా, చూద్దాం" అంది. ఈసారి సరే అంది. వచ్చే నెలాఖరుకు.

"ఇక్కడ ఉండి నేనేం చూసుకుంటున్నాను అత్తయ్యా. ఏదీ నా చేతిలో నిలవదు."

ఏం చెప్పను. చెబితే కోపంతో వెళ్ళిపోతుంది. చెప్పకపోతే తప్పు తనదే అనుకుంటూ వెళ్ళిపోతుంది. ఎలాగూ వెళ్ళేదే కదా, చెప్పి ఏం లాభం అనుకున్నాను.

ఇలా అనుకున్నానని రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా అనుకున్నాను.

ఫిబ్రవరి 6

టైలరమ్మ మెట్ల మీద ఆపింది. "కోడలు వెళ్ళిపోతోందటగా? ఏమన్నావేంటి?"

"నేనేమన్నాను? ఏమీ అనలేదు."

"అదే నీ రోగం. ఏమీ అనవు. నా దగ్గర కూడా ఏమీ అనకుండానే కాజాలన్నీ చెడగొట్టావు."

వేళాకోళానికే అంది. నేను మెట్ల మీదే కూచుండిపోయాను. "అయ్యో, ఊరికే అన్నానే తల్లీ" అని వీపు నిమిరింది. ఆమెకు చెప్పేద్దామా అనిపించింది. ఆమెకు చెబితే తేలికైపోతుంది. అందుకే చెప్పలేదు. చెప్పాల్సింది ఆమెకు కాదు.

ఫిబ్రవరి 19

బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే వాషింగ్ మెషీన్ వెనక మూలన ఏదో రంగుగా కనబడింది. చాక్లెట్ కాగితం ఎగిరొచ్చి పడిందనుకున్నాను. తీసేద్దామని వంగాను.

కాగితం కాదు.

రంగు డబ్బాలో పువ్వు. వంకాయ రంగు, అంచుల దగ్గర లేతగా, మధ్యలో నిప్పురవ్వలాంటి పోగు. ఆకులు కురచగా, ముదురాకుపచ్చగా, నిటారుగా ఉన్నాయి. మట్టి మీద ఇంకా కాస్త మంచు ఉంది. మంచులోంచి వచ్చింది. మిగిలిన చిన్న దుంపల్ని పారేయడానికి మనసొప్పక అందులో గుచ్చి ఉంటాడు. మాకెవ్వరికీ చెప్పలేదు.

ఎంతసేపు అలా వంగి ఉన్నానో. నడుము పట్టేసింది.

ఈ డబ్బాను నేను లోపలికి తేలేదు. గోరువెచ్చని నీళ్ళు పోయలేదు. స్వెట్టర్ కప్పలేదు. ఎవరూ ముట్టుకోలేదు. ఇది బతికింది.

నా కొడుకు పువ్వు చూసి నాకు మొదట కలిగింది సంతోషం కాదు. అమ్మో, కోడలు చూస్తుంది అనిపించింది. చూస్తే తెలిసిపోతుంది. ఇదెలా బతికింది, వాటిని మీరేం చేశారు అని అడుగుతుంది. పీకేద్దామని చెయ్యి పెట్టాను. కాడ వేళ్ళ మధ్యకు వచ్చింది. చల్లగా ఉంది.

పీకలేదు. బట్టల బకెట్ బోర్లించాను దాని మీద.

ఫిబ్రవరి 20

బకెట్ తియ్యలేదు.

ఫిబ్రవరి 21

"బకెట్ ఏదత్తయ్యా? దుప్పట్లు నానబెట్టి వెళ్దామని."

"చిల్లు పడింది. వాడకు."

నా నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో. ఆలోచించనైనా ఆలోచించలేదు. దుప్పట్లు సింకులో నానబెట్టుకుంది. తను వెళ్ళాక నాకు ఉతికిన దుప్పట్లు ఉండాలని.

ఫిబ్రవరి 22

తను పనికి వెళ్ళాక బకెట్ ఎత్తి చూశాను. ముడుచుకుపోయింది. గుప్పిట బిగించినట్టు. చచ్చిపోతుందా అని భయమేసింది. ఎండ పడేలా డబ్బాను జరిపి ఎదురుగా కూచున్నాను. కొంచెం కొంచెంగా రేకులు విడివడ్డాయి. నా ఎదుటే.

సాయంత్రం మళ్ళీ బోర్లించాను. నా కొడుకు మీద నేను బకెట్ బోర్లించాను.

ఫిబ్రవరి 23

రేపు వ్యాను వస్తుంది. కోడలు సంచులు సర్దుకుంది. పెద్దగా ఏమీ లేవు. చివర్లో నా దగ్గరికి వచ్చి బూడిదరంగు స్వెట్టర్ నా ఒడిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యా. నా దగ్గరుంటే దీన్నీ ఏదో ఒకటి చేస్తాను."

దాన్ని కూడా నేనే కదా చేసింది.

లేచి చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళాను. "ఏంటత్తయ్యా, ఏమైంది" అంటూనే ఉంది. బకెట్ తీశాను.

తను నోటి మీద చెయ్యి వేసుకుంది. మోకాళ్ళ మీద కూచుని డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు నవ్వింది కూడా. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే చెప్పాను. ఆగితే చెప్పలేనని.

"ఎరువు కాదమ్మా. నేనే. నువ్వు పనికి వెళ్ళగానే లోపలికి తెచ్చి హీటర్ దగ్గర పెట్టేదాన్ని. రోజూ వేణ్ణీళ్ళు పోశాను. కుళ్ళబెట్టాను. నువ్వు అడిగినప్పుడు నీ మీదికి తోశాను. ఇది కనబడితే నా సంగతి బయటపడుతుందని నాలుగు రోజుల నుంచి మూసిపెట్టాను."

నవ్వు పోయింది. పక్కింటి కుక్కర్ కూత వినబడింది.

"స్వెట్టర్?" అంది.

పువ్వుల గురించి కాదు. అదే అడిగింది.

"కుండీలకు చుట్టాను. మట్టి అంటింది. నీకు తెలుస్తుందని ఉతికాను."

"అది ఆయన వాసనత్తయ్యా" అంది. గట్టిగా కూడా అనలేదు. "ఇంకెక్కడా లేదు అది. దుప్పట్లో పోయింది, చొక్కాల్లో పోయింది. దాన్లోనే ఉండింది."

డబ్బా తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఎందుకు చేశానో చెప్పలేదు. చెప్పొచ్చు. ఆసుపత్రిలో ఆ గదిలో వాళ్ళు దుప్పటి తీసి ముఖం చూపిస్తుంటే నేను కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. పాదం పట్టుకున్నాను. సాక్సు లేదు. నా రెండు చేతుల్లో పెట్టుకుని రుద్దాను, ఊదాను, వేడెక్కుతుందని. వేడెక్కలేదు. వాళ్ళు చాలమ్మా చాలు అని నన్ను పక్కకు తీసుకెళ్ళారు. కుండీ ముట్టుకుంటే అదే చలి.

ఇది చెబితే తనకు జాలి పుడుతుంది. జాలి పుడితే కోపం వదిలేస్తుంది. తనకున్నది ఆ కోపం ఒక్కటే, దాన్నీ లాక్కోనా. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 24

వ్యాను వచ్చింది. అన్నయ్య సంచులు ఎక్కించాడు. డబ్బాను వెనక పెడతానంటే ఇవ్వలేదు, ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుంది. స్వెట్టర్ కూడా నా కుర్చీ మీద నుంచి తీసుకుంది. మంచి పని చేసింది.

"వెళ్తున్నాను" అంది. వెళ్ళొస్తానత్తయ్యా అనలేదు.

డబ్బా అడగలేదు నేను. ఒక్క రేకు కూడా అడగలేదు.

ఫిబ్రవరి 26

ఉతికిన దుప్పట్లు. సబ్బు వాసన.

మార్చి 1

నాలుగు కుండీల్లో మట్టి పారబోసి కడిగాను. టైలరమ్మ పైకి వచ్చింది, ఎప్పుడూ రాదు. ఈసారి చెప్పాను అంతా. చివరిదాకా విని, "ఛీ" అంది. ఆ తర్వాత నా పక్కనే కూచుని నేను చెడగొట్టిన కాజా ఒకటి విప్పి, చెయ్యి పట్టుకుని నేర్పినట్టు మళ్ళీ కుట్టించింది. చిన్నపిల్లకు నేర్పినట్టు.

మార్చి 5

ఫోన్ మోగింది. కోడలు.

"ఇంకో మొగ్గ వచ్చింది" అంది.

"ఆహా" అన్నాను.

"ఆదివారం సెలవు నాకు. అన్నయ్య వాళ్ళింటికి బస్సు మీ సందు చివరి నుంచే ఉంది." బస్సు నంబరు చెప్పింది. "రండి."

పెట్టేసింది.

మార్చి 8

వెళ్ళాను. మూడో అంతస్తు, కిటికీ బయట ఇనప పలక మీద డబ్బా ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, బళ్ళో నిలబెట్టినట్టు. కోడలి వదిన విచిత్రంగా చూసి టీ పెట్టడానికి వెళ్ళింది.

మబ్బు పట్టి ఉంది. ఎండ లేదు. పాత పువ్వు వాడిపోయింది, కొత్తది ముడుచుకునే ఉంది. విచ్చుకుంటుందేమోనని ఇద్దరం కిటికీ దగ్గర కూచున్నాం. విచ్చుకోలేదు.

"ఎందుకు లోపల పెట్టారు?" అంది కోడలు, పువ్వునే చూస్తూ.

"చలి" అన్నాను. అంతకంటే అనకూడదనుకున్నాను.

తను పలక మీది డబ్బాను కొంచెం సర్దింది.

"ఆ రోజు ఆసుపత్రిలో నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను" అంది. "మీరు కాళ్ళ దగ్గర ఉన్నారు. ఊదుతున్నారు. నేను చూశాను."

టీ వచ్చింది. తాగాం. ఈసారి టీ పొడి ఉంది.

నేను లేచేముందు తను లోపలికి వెళ్ళి చిన్న గిన్నెలో నీళ్ళు, చెంచా తెచ్చింది. గిన్నె నా వైపు జరిపింది. నా చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

"పొయ్యండి. వారానికి ఒక్క చెంచా. అంతకంటే వద్దు."

గిన్నెలో వేలు ముంచి చూశాను. చల్లటి నీళ్ళు, కుళాయివి. చెంచా ముంచాను. తను నా మణికట్టు పట్టుకోలేదు, అలాగే చూస్తూ కూచుంది.

అర చెంచా పోసి చెంచా ఇచ్చేశాను.